టమాటా నారు సన్నగా సాగిపోతుంటే ఆ ఎర్ర లైటు మార్చండి
ఎండ రాదని ఎర్ర ఎల్‌ఈడీ స్ట్రిప్ పెడితే టమాటా నారు సన్నగా సాగి వాలిపోతోంది అన్నారు కదండీ, విత్తనాల తప్పేం కాదు. 660 నానోమీటర్ల (కాంతి రంగును చెప్పే తరంగదైర్ఘ్యం కొలత) దగ్గరి ఎరుపుతో ఆకులు ఆహారం బాగానే తయారుచేసుకుంటాయి, కానీ కాండం పొట్టిగా గట్టిగా ఉండాలంటే 450 నానోమీటర్ల దగ్గరి నీలం కూడా పడాలి, అది లేకపోతే మొక్క పైకి సాగిపోతూనే ఉంటుంది. పైగా ఆ స్ట్రిప్ వెలుగు దీపావళి అలంకరణకు సరే, నారుకు చాలదు. మొక్కల కోసమని అమ్మే ఊదారంగు గ్రో లైట్లకు డబ్బు తగలేయకండి. మామూలు 6500 కెల్విన్ (తెలుపు ఛాయను చెప్పే అంకె) తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులో రెండు రంగులూ ఉంటాయి, మొక్కలకు జానెడు ఎత్తులో కట్టి రోజూ 14–16 గంటలు వెలిగించి రాత్రి ఆపేయండి. సాగిన నారు పారేయొద్దు, టమాటాయే కాబట్టి నాటేటప్పుడు కాండం లోతుగా పూడ్చండి, అక్కడా వేర్లు వస్తాయి.