తప్పిన జవాబులూ రాయాలి

బసవనగుడి, బెంగళూరు

తమ్ముడూ,

మనసులో మాట చెబుతుందన్న ఆవిడ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వచనం బాగుంది. కానీ ఆవిడ చెప్పినవాటిలో నిజమైన నాలుగే రాశావు. ఎన్ని తప్పాయో ఎక్కడా లేదు. అది లేకపోతే ఆ నాలుగింటికీ విలువ కట్టలేం.

సోదె చెప్పించుకున్నవాళ్లు ఇంటికొచ్చి "మా నాన్న పేరు చెప్పేసింది" అంటారు. రికార్డింగు వింటే చాలాసార్లు సంగతి వేరు: ఆవిడ "ర... రా..." అంది, పేరు పూర్తిచేసింది వీళ్లు. అబద్ధమాడాలని కాదు, గుర్తుండేది అంతే. అందుకే అనుమతి తీసుకుని ఫోన్లో రికార్డు చెయ్యి. ఏ వివరం ముందు ఎవరి నోట వచ్చిందో రెండు వరసల్లో రాసుకో.

"పైకి ధైర్యం, లోపల దిగులు" లాంటి మాటలు ఎవరికైనా అతుకుతాయి. 1948లో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 39 మంది విద్యార్థులకు, ఎవరిది వారిదే అని చెప్పి, ఒకే వర్ణన ఇచ్చాడు. అది తమకెంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే సగటు 4.26 వచ్చింది.

ఇక నువ్వు పెట్టిన ముక్కల పరీక్ష. చూడకుండా ముక్క మీది గుర్తు చెప్పగలరా అని అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంలో రైన్ అనే పరిశోధకుడు వాడినట్టే 25 ముక్కలు, 5 గుర్తులు తీసుకున్నావు, మంచిదే. ఊరికే ఊహించినా సగటున 5 తగులుతాయి. 9 గానీ అంతకు మించి గానీ తగలడం నూటికి నలుగురైదుగురి విషయంలో కేవలం అదృష్టమే. ఆవిడకు 9 వచ్చాయన్నావు. అది ఎన్నో ఆట? ఎన్ని ఆటలో మొదలుపెట్టకముందే కాగితం మీద రాసి పెట్టాలి. బాగా వచ్చినచోట ఆపితే లెక్క చెడిపోతుంది.

పల్చని ముక్కైతే వెలుగులో వెనకనుంచే గుర్తు కనిపిస్తుంది, రైన్ ప్రయోగాల మీద వచ్చిన విమర్శల్లో ఇదొకటి. దళసరి అట్ట వాడు. నువ్వు ఎదురుగా కూర్చున్నావు కదా, నీ కళ్లజోడులో ప్రతిబింబం చాలు, నీ ముఖమూ చాలు. 1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తోందన్నారు. అడిగేవాడికే జవాబు తెలియనప్పుడు అదీ చెప్పలేదని ఫంగ్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తేల్చాడు. అడిగేవాళ్ల తల కదలికే దానికి సైగ, తల కదులుతోందని వాళ్లకే తెలియదు. కాబట్టి ముక్క తీసేవాళ్లు వేరే గదిలో ఉండాలి. తప్పో ఒప్పో ఆట అయ్యేదాకా చెప్పకూడదు.

"మోసం" అన్న మాట కొట్టెయ్యి. ఆవిడ తన శక్తిని నిజంగానే నమ్ముతూ ఉండొచ్చు.

ఇంకొకటి. మహిమల్ని పరిశీలించడానికి 1976లో కమిటీ వేసిన హెచ్. నరసింహయ్య అప్పట్లో ఈ ఊరి విశ్వవిద్యాలయ వైస్ ఛాన్సలరే. ఆ ప్రస్తావనే లేని బెంగళూరు వ్యాసమేమిటి?

రికార్డింగు ఉంటే పంపు. తప్పినవి కలిసి లెక్కపెడదాం.

నీ అన్నయ్య