మెదడు కణాల డేటాకి గ్రాంటు రాస్తున్న మా అమ్మాయికి

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వు బడ్జెట్ చదివి వినిపించాక నాకు రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. సగానికి పైగా స్టోరేజీకీ సర్వర్లకీ పెట్టావు. మనుషులకి మిగిలింది ఒకటిన్నర జీతం. ఇలాంటి ప్రపోజళ్లు చదివే ప్యానెళ్లలో కొన్నేళ్లు కూర్చున్నాను కాబట్టి చెబుతున్నాను, ఆ లెక్క తిరగరాయి.

నువ్వు అడిగే డబ్బు కొత్త కణాన్ని కనిపెట్టడానికి కాదు. పది ల్యాబులు కనిపెట్టినవి ఒకే పద్ధతిలో సర్ది, ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా వాడుకునేలా పెట్టడానికి. వైద్య పరిశోధనకి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్లకి దీని విలువ తెలుసు. 2017లో వాళ్ల మెదడు పరిశోధన కార్యక్రమం బ్రెయిన్ ఇనిషియేటివ్ కింద, మెదడు కణాల జాబితా తయారుచేసే సెల్ సెన్సస్ నెట్‌వర్క్ మొదలైనప్పుడు, కణాలు లెక్కపెట్టే ల్యాబులకే కాక డేటా కలిపేవాళ్లకీ విడిగా గ్రాంట్లు ఇచ్చారు. సియాటిల్‌లో అలెన్ ఇన్‌స్టిట్యూట్‌కి సమన్వయం పని. జన్యు సీక్వెన్సింగ్ డేటా బాల్టిమోర్‌లోని నీమో అనే ఆర్కైవుకి, మైక్రోస్కోప్ బొమ్మలు పిట్స్‌బర్గ్‌లోని బ్రెయిన్ ఇమేజ్ లైబ్రరీకి, కణాల విద్యుత్ రికార్డింగులు డాండీ అనే ఇంకో ఆర్కైవుకి. అలా పంచుకున్నారు కాబట్టే 2021 అక్టోబర్లో మోటార్ కార్టెక్స్ (కదలికల్ని నడిపే మెదడు భాగం) మీద 17 పేపర్లు నేచర్‌లో ఒకేసారి వచ్చాయి. 2023 చివర్లో చిట్టెలుక మెదడు మొత్తాన్ని 5,322 క్లస్టర్లుగా, అంటే ఒకే తీరు కణాల గుంపులుగా, విడదీసిన పట్టిక వచ్చింది.

ఇన్ని గోదాములున్న చోట ఇంకొకటి కడతానంటే రివ్యూయర్ ఊరుకోడు. బొమ్మలైతే ఒక్కో మెదడుకి టెరాబైట్లలో ఉంటాయి. వాటిని నీ దగ్గరికి మోసుకురావద్దు, ఉన్నచోటే ఉండనీ. ఏ ఫైలు ఎక్కడుందో, ఏ ఎలుకదో, దాని తోబుట్టువు ఫైలు ఇంకే ఆర్కైవులో ఉందో చెప్పగలిగితే చాలు. అది చెప్పడమే కష్టం.

ఎందుకంటే అసలు తగాదా పేర్ల దగ్గర. నేను అమెరికా వచ్చిన కొత్తలో నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండేది. వీసాలో నా పేరంతా ఇంటిపేరయింది, పేరు గడిలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడింది. బ్యాంకులో ఒకరిని, యూనివర్సిటీలో ఇంకొకరిని, డ్రైవింగ్ లైసెన్సులో మూడో మనిషిని. కణాలదీ అదే గతి. ఆకారం చూసి ఒకరు, జన్యువు చూసి ఒకరు, కరెంటు ఎలా పలుకుతుందో చూసి ఇంకొకరు పేరు పెడతారు. ముగ్గురూ ఒకే కణం గురించి మాట్లాడుతున్నారని తేల్చడానికి కంప్యూటర్ కొంతవరకే పనికొస్తుంది. ఆపైన ఓపికున్న మనిషి కావాలి.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో (పేరు చెప్పను, అందులోవాళ్లు ఇంకా నాకు దీపావళికి ఫోన్ చేస్తారు) ఎలుక వయసు ఒక ల్యాబు వారాల్లో రాసింది, ఒకటి ‘పీ56’ అని, అంటే పుట్టిన యాభై ఆరో రోజని రాసింది, మూడోది పుట్టిన తేదీ మాత్రం ఇచ్చి ఊరుకుంది. నాలుగో ల్యాబు పంపిన మెదడు స్లైసుల్లో (పలచగా కోసిన ముక్కల్లో) ఎడమా కుడీ తారుమారు. ఎక్సెల్ పుణ్యమా అని సెప్ట్2 అనే జన్యువు సెప్టెంబర్ 2 అయి కూర్చుంది. నవ్వకు, ఈ గోల పడలేకే 2020లో ఆ జన్యువుల పేర్లనే మార్చేశారు! ఆ చిక్కులన్నీ విప్పడానికి మాకు ఏడు నెలలు పట్టింది. సర్వర్లు మాత్రం ఆ ఏడు నెలలూ దివ్యంగా నడిచాయి.

అందుకే చెబుతున్నాను, కనీసం ముగ్గురు క్యూరేటర్లని, అంటే డేటాని చూసి సరిదిద్ది సర్దేవాళ్లని, పెట్టు. వాళ్లలో ఒకరైనా స్వయంగా మెదడు కోసి, స్లైసు పట్టుకుని చూసినవాళ్లు అయ్యుండాలి. మొదటి ఏడాది సాఫ్ట్‌వేర్ తక్కువ రాయి, ల్యాబులకి ఎక్కువ తిరుగు. డేటా అప్‌లోడ్ చేసేది పెద్ద ప్రొఫెసర్ కాదు, రాత్రి పదింటికి ల్యాబులో మిగిలిపోయిన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ అయ్యాక అక్కడ పనిచేసే పిల్ల. ఆ పిల్లకి నువ్విచ్చే ఫారం నలభై గడులుంటే అన్నిట్లోనూ ‘తెలియదు’ అని రాసి ఇంటికి పోతుంది. పదీ పన్నెండు గడులు చాలు. ల్యాబులిచ్చే మద్దతు ఉత్తరాలు కూడా ‘మేం చాలా సంతోషిస్తున్నాం’ రకం వద్దు. ఏ ఫైళ్లు, ఎన్ని, ఏ నెలలో ఇస్తారో రాయించు.

నువ్వు రాస్తున్న యూ24 రకం గ్రాంటు చెక్కు పంపి ఊరుకునేది కాదు. కోఆపరేటివ్ అగ్రిమెంట్ కాబట్టి ఎన్‌ఐహెచ్ మనుషులు నీతోపాటు మీటింగుల్లో కూర్చుంటారు, నిర్ణయాల్లో మాట కలుపుతారు. కాబట్టి ఆ గ్రాంట్లు చూసుకునే ఎన్‌ఐహెచ్ ప్రోగ్రాం ఆఫీసర్‌కి ఇప్పుడే ఒక పేజీ పంపి, ఫోన్లో మాట్లాడు. మనవాళ్లకి ఆఫీసర్ అనగానే మొహమాటం, ఏదో సిఫారసు అడిగినట్టు. ఇక్కడ అది వాళ్ల ఉద్యోగంలో భాగమమ్మా.

మనుషుల మెదడు డేటా జోలికి వెళ్తే దాతల అనుమతి పత్రాలు ముందు చదువు. జన్యు సీక్వెన్సు అందరికీ తెరిచి పెట్టేది కాదు.

ఇక డబ్బు నిలకడ సంగతి. బ్రెయిన్ ఇనిషియేటివ్‌కి 2023లో 68 కోట్ల డాలర్లు వచ్చాయి, 2024లో 40.2 కోట్లు, 2025లో 32.1 కోట్లు. వైద్య పరిశోధనకి అదనపు నిధులిచ్చిన 21వ శతాబ్దపు క్యూర్స్ చట్టం కింద వచ్చే వాటా 2026తో సరి. ఐదేళ్ల తర్వాత రెన్యువల్ వస్తుందని ధీమాగా రాయకు. గ్రాంటు ముగిశాక కూడా డేటాని భద్రపరిచే ఖర్చుని, గ్రాంటు నడుస్తుండగానే ముందుగా కట్టేయడానికి ఎన్‌ఐహెచ్ 2023 డేటా షేరింగ్ విధానం ఒప్పుకుంటుంది. చాలామంది ఆ వెసులుబాటు వాడుకోరు. బడ్జెట్లో దానికి ఒక లైను పెట్టు. స్టోరేజీ మీద నేను ఖర్చు చెయ్యమనేది అదొక్కటే.

మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి సీసా కొరియర్ చేసింది, మూత బిగుతుగా ఉంటుంది, జాగ్రత్త. ప్రపోజల్‌లో లక్ష్యాలు చెప్పే స్పెసిఫిక్ ఎయిమ్స్ పేజీ ఆదివారం లోపల నాకు పంపు. పై సగంలో ‘క్యూరేటర్’ అన్న మాట కనపడకపోతే చదవకుండా వెనక్కి కొడతాను.

మీ పెదనాన్న