సగం కెపాసిటీ గ్రీన్ అయ్యాక కూడా బొగ్గు ఎందుకు కాలుస్తున్నారు?

"2025 జూన్ కల్లా మన దేశంలో సగం కెపాసిటీ బొగ్గు, గ్యాస్ కానిదైపోయింది కదా, ఇంకా థర్మల్ ప్లాంట్లు ఎందుకు?" అని అడిగారు. పంతొమ్మిదేళ్లుగా ఒక థర్మల్ ప్లాంట్ కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులు చేస్తున్నాను. మీరు చూసిన లెక్క కెపాసిటీది, అంటే ఎంత తీయగలమన్నది; నిజంగా తీసిన కరెంటు యూనిట్లది కాదు. 2024-25లో మనం వాడిన కరెంటులో నాలుగింట మూడొంతులకు దగ్గరగా బొగ్గుదే. పొద్దు గూకాక సోలార్ సున్నా, అసలు కథ అక్కడే.

పోయిన మే నెలలో ఒక రోజు చెబుతాను. బీ షిఫ్ట్‌కి రెండింటికి డ్యూటీ ఎక్కేసరికి మా 500 మెగావాట్ల యూనిట్ (ఒక బాయిలర్, ఒక టర్బైన్ జత) 275 మీద నడుస్తోంది. అంటే 55 శాతం. బయట మండే ఎండ, సోలార్ నిండుగా వస్తోంది, కాబట్టి గ్రిడ్‌కి ఎవరెంత కరెంటు ఇవ్వాలో చెప్పే లోడ్ డిస్పాచ్ వాళ్లు మమ్మల్ని దించేశారు. బొగ్గుని పొడి చేసే ఏడు మిల్లుల్లో మూడు ఆపేశాం. ఆ లోడ్‌లో, అందులోనూ బూడిద ఎక్కువున్న మన బొగ్గుతో, ఫర్నేస్‌లో మంట ఒక్కోసారి నిలకడగా ఉండదు. స్క్రీన్ మీద మంటని కనిపెట్టే ఫ్లేమ్ స్కానర్లు మినుకుమినుకుమంటుంటే, ఆయిల్ చల్లి మంటని నిలబెట్టే ఆయిల్ గన్ బటన్ మీదే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాం. ఐదు దాటాక ఫోన్: "లోడ్ ఎత్తండి, ఫుల్‌కి రండి." ఒక్కో మిల్లూ కలుపుతూ ఏడున్నరకి 490 దాకా తెచ్చాం. ఎనిమిదింటికి మేకప్ వాటర్, అంటే బాయిలర్‌లో తగ్గిన నీటిని భర్తీ చేసే నీళ్లు, పెరగడం మొదలైంది. పరుగున వెళ్లి బాయిలర్ గోడకున్న పీప్‌హోల్ దగ్గర చెవి పెడితే లోపల సుయ్‌య్‌మని ఆగని చప్పుడు. నీళ్లు, ఆవిరి పారే బాయిలర్ ట్యూబ్ లీకైంది. ఊళ్లన్నీ ఏసీలు వేసుకునే వేళకి యూనిట్ ఆపాల్సి వచ్చింది.

ఒకే లోడ్ మీద ఏళ్ల తరబడి నడవడానికి కట్టిన బాయిలర్‌ని రోజూ ఇలా దించి ఎత్తితే ఇనుము అలిసిపోతుంది. దశలవారీగా 40 శాతానికి దిగాలని 2023లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలు తెచ్చింది. దిగుతాం. కానీ మ్యాన్‌హోల్ తెరిచాక, ఇంకా సెగ తగ్గని ట్యూబుల మధ్యకి తడి గోనెసంచులు పరుచుకుని దూరేది కాంట్రాక్టు వెల్డర్లు. వాళ్లకి ఈ మార్పులో చోటేంటో ఎవరూ మాట్లాడరు. నాకు కడుపు మండేది అక్కడే.

సోలార్ వద్దనే మనిషిని కాదు. మా నాన్నకి నాలుగెకరాలు, ఒక మోటారు. త్రీఫేజ్ కరెంటు రాత్రి ఏ రెండింటికో వచ్చేది. టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచి వెళ్లేవాడు, అమ్మ ఆయన తిరిగొచ్చేదాకా అరుగు మీద కూర్చునేది. మా ఊళ్లో అలా వెళ్లి పాము కరిచి పోయినవాళ్లున్నారు. వ్యవసాయ మోటార్లన్నీ పట్టపగలు, సోలార్ పొంగే గంటల్లోనే నడిపితే రైతు రాత్రి నిద్రపోతాడు, మధ్యాహ్నం మా బాయిలర్‌ని అంత లోతుకి దించక్కర్లేదు. ప్యానెళ్లు పెట్టడం కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

మిగిలిన పగటి కరెంటుని నీళ్ల రూపంలో దాచాలి. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరున్నాయి, సాగర్‌లో 100 మెగావాట్లవి ఏడు. కింది నీటిని పైకి తోడి, సాయంత్రం మళ్లీ టర్బైన్ల మీదికి వదలొచ్చు. రాత్రి మిగిలే కరెంటుతో తోడాలన్నది పాత ఆలోచన, ఇప్పుడు మిగిలేది మధ్యాహ్నం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇలా నీళ్లు తోడి దాచే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ అయితే నదితో పని లేకుండా రెండు చెరువుల మధ్యే నీళ్లు తిప్పే రకం. అలాంటివి ఇంకా చాలా కావాలి. 2030కి బొగ్గు, గ్యాస్ కాని కెపాసిటీ 500 గిగావాట్లు అంటే అందరూ ప్యానెళ్లే లెక్కపెడుతున్నారు, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఎవరిస్తారో లెక్కపెట్టరు.

ఆ మే నెల లీకేజీ వెల్డింగ్ అయ్యి, ట్యూబుల్లో నీళ్లు ఒత్తిడితో నింపి చూసే హైడ్రో టెస్ట్ చేసి, మూడో రోజు తెల్లవారుజామున యూనిట్‌ని మళ్లీ గ్రిడ్‌కి సింక్ చేశాం. అదే రోజు పదకొండున్నరకి మళ్లీ ఫోన్ వచ్చింది, 275కి దించమని.