ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేకపోతున్నా...

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పటాన్‌చెరు దగ్గర ఓ బహుళజాతి కంపెనీ ప్లాంటులో 14 ఏళ్లు పనిచేశాను. మూడు వారాల కిందట చాలామందితో పాటు నన్నూ రావద్దన్నారు. రాజీనామా కాగితం మీద సంతకం పెట్టమని హెచ్‌ఆర్ నుంచి ఫోన్లు. ఇంట్లో తెలీదు. రోజూ లంచ్ బాక్సు తీసుకుని బయల్దేరి లింగంపల్లి స్టేషన్లో కూర్చుని సాయంత్రం తిరిగొస్తున్నాను. ఏం చేయాలి?

జవాబు: ఈ రాత్రే, పిల్లలు పడుకున్నాక, మీ ఆవిడకి చెప్పండి. వేరే ఉద్యోగం దొరికాక చెబుదామని ఆగుతున్నారేమో, అది ఎన్ని నెలలు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఈలోగా మీతో పనిచేసినవాళ్ల భార్య ఎవరో ఫోన్ చేసి ‘మావారిదీ పోయింది వదినా’ అందనుకోండి, అప్పుడు జీతం రాదన్న బాధ కంటే తను తెల్లారే లేచి కట్టిన బాక్సు మీరు స్టేషన్ బెంచీ మీద ఒంటరిగా తిన్నారన్న బాధే ఆమెకి ఎక్కువ. ఉపోద్ఘాతాలు వద్దు. ‘ఉద్యోగం పోయింది, చెప్పడానికి ధైర్యం చాలలేదు’ అనండి, చాలు. ఏడ్చినా కోప్పడినా పక్కనే కూర్చోండి. లెక్కలు మర్నాడు చూసుకోవచ్చు.

నేనే పనికిరాలేదేమో అని కుమిలిపోకండి. ఫోక్స్‌వ్యాగన్ 2030 కల్లా జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించేలా 2024 డిసెంబరులో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది, 2025 మేలో నిస్సాన్ 20 వేలు తగ్గిస్తామంది. ఇంత పెద్ద కోతల్లో ఒక్కో మనిషి పనితనం ఎవరు చూస్తారండీ, ఖర్చే చూస్తారు.

ఇక ఆ కాగితం. తొందరపడి సంతకం పెట్టొద్దు. రాజీనామా ఇస్తే మీ అంతట మీరే మానేసినట్టు అవుతుంది, తర్వాత తొలగింపు పరిహారం అడగడం కష్టం. కాపీ తీసుకుని కార్మిక చట్టాలు తెలిసిన లాయరుకి చూపించండి, లేదంటే హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కార్మిక శాఖ ఆఫీసు ఉన్న అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కి వెళ్లి అడగండి. మీరు చట్టం ప్రకారం వర్కరు కిందికి వస్తారా, మేనేజరు కిందికా అన్నదాన్ని బట్టి పరిహారం మారుతుంది. గ్రాట్యుటీ మాత్రం ఐదేళ్లు దాటాయి కాబట్టి రాజీనామా ఇచ్చినా, వాళ్లే తీసేసినా రావాల్సిందే: చివరి బేసిక్‌ని (డీఏ ఉంటే కలిపి; అది మొత్తం జీతంలో సగం కంటే తక్కువైతే ఆ సగాన్నే) 26తో భాగించి, 15తో, మళ్లీ 14తో గుణించండి. ఆ మొత్తం 30 వేలైతే సుమారు 2 లక్షల 42 వేలు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఏ తేదీతో ఆగిపోతుందో కూడా అడగండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ ముఖ్యం. ఇంటి లోన్ ఉంటే, కిస్తీ తప్పకముందే బ్యాంకుకి వెళ్లి మాట్లాడండి.

రాత్రిళ్లు నిద్ర పట్టకపోయినా, ఎందుకీ బతుకు అనిపించినా 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలిమానస్ లైను, పగలైనా రాత్రైనా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ ఆవిడతో మాట్లాడాక ఎలా ఉన్నారో నాకు తప్పకుండా రాయండి.