కాళ్ల హార్మోనియం: ఆకురాయి పట్టే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నాటక సమాజంవాళ్లు అటకమీంచి దించిన కాళ్ల హార్మోనియం, అదే కాళ్లతో తిత్తి తొక్కి వాయించేది, నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. రీడ్లన్నీ, అంటే స్వరం పలికే ఇత్తడి నాలుకలన్నీ, అపశ్రుతిలో ఉన్నాయని ఆకురాయి కొన్నావట. దాన్ని పక్కన పెట్టు నాన్నా. శ్రుతి పని అన్నిటికన్నా ఆఖర్న. గీకిన ఇత్తడి మళ్లీ రాదు.

కచేరీ హాళ్లలోని పైపు ఆర్గన్‌లో తిత్తి గాలి గొట్టాల్లోకి వెళ్లి పలుకుతుంది. 1840ల్లో పారిస్‌లో దెబాన్ హార్మోనియంకి పేటెంటు తీసుకున్నాడు. అందులో గొట్టాలుండవు, గాలికి ఇత్తడి నాలుకలు ఆడతాయి. 1875లో కలకత్తాలో ద్వారకనాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని చేత్తో ఊదే పెట్టెగా మార్చాడు. నాటకాలకి మాత్రం కాళ్లదే అనువు, రెండు చేతులూ వేళ్లతో నొక్కే మెట్లమీదే ఉంటాయి. గొట్టమైనా నాలుకైనా ప్రాణం గాలే, గాలిని పట్టి ఉంచేది తోలు. అందుకే ముందు తిత్తి చూడు.

గాలిదారులు తెరిచి మూసే స్టాపర్లన్నీ మూసి, తిత్తి నిండా గాలి నింపి, తొక్కే పలకల మీంచి కాళ్లు తియ్యి. పది లెక్కపెట్టేలోగా దిగిపోతే కారుతున్నట్టే. వెలిగించిన అగరబత్తి మడతల దగ్గర తిప్పితే పొగ ఎక్కడ చెదురుతుందో అక్కడే చిల్లు. మూలల్లోనే ఎక్కువగా చిరుగుతుంది. పలచని గొర్రెతోలు కోసి, అంచులు గీకి పలచన చేసి అతికించు. పాతకాలపు తోలుజిగురే, అంటే పశువుల తోళ్లు ఉడికించి చేసేదే, వాడు. గిన్నెని వేడినీళ్లలో పెట్టి కరిగించాలి, నేరుగా పొయ్యిమీద పెడితే మాడి పట్టు పోతుంది. రేపు ఇంకొకరు విప్పాలంటే వేడి తడిగుడ్డ వేస్తే చాలు, ఊడొస్తుంది. ఫెవికాల్ వేస్తే తోలు చిరుగుతుంది గానీ ఊడదు.

తర్వాత రీడ్లు. మెట్లు 39, వరసలు రెండు అయితే మొత్తం 78. విప్పేముందు ఫోటో తీసి, అట్టమీద గళ్లు గీసి నంబర్లు వేసి, ఏ రీడు ఆ గడిలోనే పెట్టు, మరలతో సహా. మన ఇళ్లల్లో ఇత్తడి అంటే చింతపండు గుర్తొస్తుంది. రీడ్ల దగ్గరికి దాన్ని రానీకు. పులుపు లోహాన్ని తింటుంది, శ్రుతి మారుతుంది. పొడి మెత్తటి బ్రష్ చాలు. జీర పలుకుతుంటే నాలుకకీ చట్రానికీ మధ్య నలుసు ఉంటుంది, పలచని కాగితం దూర్చి లాగు. నాలుక కొస చట్రంకన్నా పిసరంత పైకి ఉండాలి. మరీ పైకి ఉంటే ఆలస్యంగా పలుకుతుంది, చట్రంతో సమంగా ఉంటే అసలు పలకదు.

మెట్టు నొక్కకుండానే మోగుతుంటే దానికింద మెత్తమీద దుమ్ము ఉంటుంది, లేదా స్ప్రింగు సడలి ఉంటుంది. ఒకటి నొక్కితే రెండు మోగితే రీడ్లు బిగించిన చెక్క నెర్రె విచ్చింది. ఆ నెర్రెలో జిగురు దించి పైన తోలుపట్టీ వెయ్యి.

పర్లాకిమిడి, బరంపురం వైపు వానల్లో చెక్క ఉబ్బి మెట్లు పట్టేస్తాయి. మిస్త్రీ చిత్రిక పడతానంటాడు, పట్టనివ్వకు. ఎండాకాలానికి ఆ మెట్లే వదులై గడగడలాడతాయి. నీడలో గాలికి ఆరనివ్వు. ఎండలో పెడితే చెక్క నెర్రెలిస్తుంది. ఇరుసుల్లో పెన్సిల్ పొడి రాయి, నూనె వద్దు, దుమ్ము పట్టుకుంటుంది.

ఇవన్నీ అయ్యాక నెల రోజులు వాయించనివ్వు. అప్పటికీ తేడా ఉన్న రీడ్లనే ముట్టుకో. నాలుక కింద పలచని స్టీలు రేకు ఆనించి, కొస దగ్గర గీకితే శ్రుతి పెరుగుతుంది, నాలుక మొదలు బిగించిన రివిటు దగ్గర గీకితే తగ్గుతుంది. రెండు గీతలు, ఆపి వినడం, అంతే. గీకిన ఇత్తడి వేడెక్కి తక్కువ పలుకుతుంది కాబట్టి చల్లారాకే కొలువు. గాలి ఎక్కువైతే కూడా, ముఖ్యంగా మంద్రంలో, శ్రుతి కాస్త దిగుతుంది. ఒకే ఒత్తిడిలో తొక్కు. ఫోన్‌లోని శ్రుతి యాప్ 440 (ఇప్పటి వాద్యాలకి ప్రామాణికంగా పెట్టుకున్న శ్రుతి కొలత) చూపించలేదని మొత్తం వాద్యాన్ని గీకెయ్యకు. రీడ్లు తమలో తాము కలిసి ఉంటే అదే దాని శ్రుతి, పద్యం పాడేవాళ్లు దాన్నే పట్టుకుంటారు.

మిగిలిన తోలుముక్క, ఏ తేదీన ఏం మార్చావో రాసిన కాగితం పెట్టె లోపలే ఉంచు.

మీ మావయ్య