నాయన ఎయిర్ రైఫిల్‌కు ఇత్తడి ప్లేటు

ప్రశ్న: మా నాయన వాడిన స్ప్రింగు ఎయిర్ రైఫిల్ ఇంట్లో ఉంది. టేకు చెక్క, ఫ్రెంచి పాలిష్. మడమకు (భుజానికి ఆనించే చివరకు) ఉన్న ఇనుప ప్లేటు తుప్పుపట్టి విరిగితే ఇత్తడిది తెప్పించాను. అది చుట్టూతా 2 మిల్లీమీటర్లు పెద్దదిగా ఉంది. స్క్రూ రంధ్రాలూ పాతవాటితో కలవడం లేదు. ప్లేటు బిగించేసి, చెక్కనూ ఇత్తడినీ కలిపి గ్రైండరుతో సాపు చేద్దామని మా వడ్రంగి అంటున్నాడు. పాలిష్ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: గ్రైండరు దగ్గరికే రానీయకండి. ఉదయగిరిలో మా నాయన దగ్గర పని నేర్చుకునేటప్పుడు ఒక పాత పెట్టెకు ఇత్తడి మూలకట్లు వేస్తూ నేనూ రెండింటినీ కలిపే రుద్దాను. చెక్క మెత్తన కదా, ఇత్తడి అరిగేలోపు పక్కన చెక్క పల్లమైపోయింది. ఇత్తడి పొడి చెక్క సందుల్లో దూరి నల్లగా ఉండిపోయింది. పెట్టె మొత్తానికీ మళ్లీ పాలిష్ పెట్టాల్సొచ్చింది. ఇప్పటికీ ఆ ఇంటికి పోతే నా కన్ను ముందు ఆ మూలకే పోతుంది. మీ నాయన చెయ్యి పడి నిగ్గుతేలిన చెక్క అది. తగ్గాల్సింది ఇత్తడే. ప్లేటు పెద్దదిగా రావడం మీ అదృష్టం, చిన్నదైతే చెక్కను కోయక తప్పేది కాదు.

ముందు రైఫిల్లో గుండు లేదని చూసుకుని, చెక్కను ఇనుప భాగం నుంచి విడదీయండి. పాత రంధ్రాల్లో అగ్గిపుల్లలు కుక్కొద్దు. టేకు చీలలు చెక్కి అరాల్డైట్‌తో దిగ్గొట్టండి. ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్కను ఫెవికాల్ సరిగా పట్టదు. ఒక రోజు ఆరనిచ్చి, పైకి మిగిలింది ఉలితో తీసేయండి.

ఇక ప్లేటు కూర్చోబెట్టడం. దాని వెనకవైపు పల్చగా కాటుక పూసి, మడమ మీద నొక్కి తీయండి. నల్లగా అంటినచోట చెక్క ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ మాత్రం ఉలితో పొరలా తీసి మళ్లీ నొక్కండి. నల్లమచ్చ అంతటా సమంగా పడేదాకా ఓపిక పట్టాలి. పనంతా ఇక్కడే ఉంది, తొందరపడితే అంచున వెలుతురు కనిపిస్తుంది.

కొత్త రంధ్రాలు స్క్రూ మరలకన్నా సన్నగా వేయండి. ఇత్తడి స్క్రూ నేరుగా తిప్పితే తల తెగి లోపలే ఉండిపోతుంది. అదే సైజు ఉక్కు స్క్రూకు సబ్బు రాసి ఒకసారి ఎక్కించి తీసేశాక ఇత్తడిది బిగించండి. ఉక్కుదే ఉంచేస్తే మన సముద్రపు గాలికి ఇత్తడి పక్కన తొందరగా తుప్పు పడుతుంది.

బిగించాక చెక్క అంచు వెంబడి సూదిమొనతో ప్లేటు మీద గీత గీయండి. ప్లేటు ఊడదీసి, వైసులో పట్టించి, గీతకు వెంట్రుకవాసి దూరం దాకా ఆకురాయితో అరగదీయండి. మళ్లీ బిగించి, చెక్కకు రెండు పొరల టేపు అంటించి, మిగిలిన ఆ కాస్తా సన్న ఆకురాయితో తీయండి. చివరగా ప్లేటు కిందికి పోయే పచ్చి చెక్కకు లక్క పాలిష్ రెండు పూతలు వేయండి. తేమ ఎక్కువగా పీల్చేది ఆ కోత ముఖమే.

కార్తీకంలో, మన దగ్గర వానలు పడేటప్పుడు ఈ పని పెట్టుకోవద్దు. అప్పుడు చెక్క ఉబ్బి ఉంటుంది. దానికి సరిపోయేలా అరగదీస్తే రోహిణి కార్తెలో చెక్క కుంచించుకుని ఇత్తడి అంచు చొక్కాకు పట్టుకుంటుంది. సంక్రాంతి దాటాక చేయండి.

మీ రైఫిల్ గొట్టం బోరు 4.5 మిల్లీమీటర్లు, గుండు వెళ్లే శక్తి 20 జౌల్స్‌ మించనిదైతే లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు మాత్రం ఇంట్లో మరమ్మతు చేయొద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం బాగుచేసేవాళ్లకూ లైసెన్సు ఉండాలి.

స్ప్రింగు కుదుపుకు స్క్రూలు వదులవుతాయి. వారం వాడాక ఒకసారి బిగించి చూడండి.