ముగ్గు కలిస్తేనే ఫ్లోరు

ప్రశ్న: మాది హనుమకొండ. సివిల్ డిప్లొమా పూర్తి చేసి, వరంగల్‌లో ఒక ఆర్కిటెక్ట్ గారి వద్ద డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్నాను. అభ్యాసం కోసం మా తాతగారి పాత భవంతి ఇంటిని కొలిచి, భవనాల నమూనాలు గీసే రివిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, దాని చుట్టూ గదులు. గోడలు సరిగానే వచ్చాయి. ఫ్లోరు హద్దు గీసి ఆకుపచ్చ టిక్కు నొక్కితే మాత్రం గీతలు మూసుకోలేదనో, ఒకదానినొకటి ఖండించుకుంటున్నాయనో సందేశం వస్తోంది. ఒకసారి ఎలాగో ఒప్పుకున్నా, వాకిలి మీద కూడా ఫ్లోరు పరుచుకుంది. నా పొరపాటు ఎక్కడ? పెంకుల కప్పునూ ఇలాగే గీయవచ్చా?

జవాబు: పునాది తవ్వే ముందు మేస్త్రీ దారం కట్టి ముగ్గు పోయడం మీరు చూసే ఉంటారు. ఆ ముగ్గు బయలుదేరిన మూలకే తిరిగి రాకపోతే లోపల ఏది, బయట ఏది అని చెప్పలేము. రివిట్ అడిగేదీ అంతే. మీరు గీసే గులాబీ రంగు గీతలు ఫ్లోరు కావు, దాని హద్దులు మాత్రమే; ప్రతి గీత చివర మరొక్క గీత చివరను మాత్రమే తాకుతూ వలయం పూర్తయితేనే ఆ హద్దు లోపలి భాగం ఫ్లోరుగా మారుతుంది.

గోడలను నొక్కి వాటి వెంట హద్దు గీతలు తెచ్చే పిక్ వాల్స్ వాడి ఉంటారని అనుకుంటున్నాను, అది మంచి పద్ధతే. అలా తీసుకున్న గీత గోడకు కట్టుబడి ఉంటుంది కనుక, రేపు కొలత సరిచూసి గోడను జరిపితే ఫ్లోరు అంచు కూడా దానితో జరుగుతుంది. అయితే చుట్టు గోడలతో పాటు గదుల మధ్య అడ్డుగోడను కూడా ఎంచుకుంటే, దాని గీత వలయంలో ఇమడక తోక లాగా మిగిలిపోతుంది. సాధారణంగా మొదట వెతకవలసింది ఆ తోకనే. దానిని తొలగించి, కలవని మూలల వద్ద, గీతలను మూలకు కత్తిరించి కలిపే ట్రిమ్ తీసుకుని, ఉంచదలచిన భాగాల మీదనే రెండు గీతలనూ నొక్కండి. గీత గోడ లోపలి ముఖం మీద పడిందో, బయటి ముఖం మీద పడిందో కూడా చూసుకోవాలి. తప్పు వైపు పడితే తిప్పే బాణం గుర్తు అక్కడే కనిపిస్తుంది.

ఇవన్నీ సరిచేసినా సందేశం పోకపోతే, ఒక గీత మీదనే మరో గీత పడి ఉండవచ్చు. కంటికి ఒకటే కనిపిస్తుంది కనుక ఇది చాలా విసిగిస్తుంది. అనుమానమున్న గీత చుట్టూ మౌస్‌తో పెట్టె లాగి ఎంపిక చేస్తే, తెర కింద కుడి మూలన ఎన్ని వస్తువులు ఎంపికయ్యాయో అంకె కనిపిస్తుంది. ఒకటి ఉండవలసిన చోట రెండు ఉంటే ఒకదానిని తీసివేయండి. పాత ఇళ్ల మూలలు చాలాసార్లు సరిగ్గా 90 డిగ్రీలు ఉండవు. ఆ వంకరను కొలిచి ఉంటే అలాగే గీయండి, కొలవకుండా చేతి వణుకుతో వచ్చిన అర డిగ్రీ తేడాను మాత్రం ఉంచకండి.

ఇక వాకిలి సంగతి. పెద్ద వలయం లోపల మరో పూర్తి వలయం గీస్తే రివిట్ దానిని ఖాళీగా వదిలేస్తుంది. రెండు వలయాలూ ఎక్కడా తాకకూడదు, ఒకే స్కెచ్‌లో ఉండాలి. మీ ఫ్లోరును ఎంచుకుని హద్దును మళ్లీ తెరిచి లోపలి వలయం చేర్చండి, కొత్త ఫ్లోరు అవసరం లేదు. మీ వాకిలి గదుల కంటే మెట్టు లోతుగా ఉంటే, దానికి మాత్రం విడిగా ఒక ఫ్లోరు గీసి, దాని లక్షణాల పట్టికలో ‘లెవెల్ నుంచి ఎత్తు’ అనే చోట ఆ లోతును మైనస్ గుర్తుతో ఇవ్వండి. అనేక అంతస్తుల భవనంలో మెట్ల కోసం ఖాళీ కావలసినప్పుడు ప్రతి ఫ్లోరులో ఇలా వలయం గీయడం నాకు ఇష్టం ఉండదు. అంతస్తుల గుండా నిలువుగా ఖాళీ కోసే షాఫ్ట్ ఓపెనింగ్ ఒక్కటి పెడితే అన్ని అంతస్తులూ ఒకేసారి తెగుతాయి, ఒకటి మరచిపోయే ప్రమాదం ఉండదు.

పెంకుల కప్పుకు, కప్పు హద్దును పై నుంచి చూసినట్టు గీసే రూఫ్ బై ఫుట్‌ప్రింట్ వాడండి. ఇక్కడా బయట ఒకటి, వాకిలి చుట్టూ ఒకటి, మూసిన వలయాలు రెండు కావాలి. ప్రతి గీతకు వాలు ఇవ్వాలా వద్దా అన్న ఎంపిక ఉంటుంది. బయటి గీతలకూ లోపలి గీతలకూ వాలు ఇస్తే సగం వాన బయటికి, సగం వాకిలిలోకి పడే భవంతి కప్పు వస్తుంది. గోడే త్రికోణంగా పైకి లేచిన వైపు ఉంటే ఆ గీతకు వాలు తీసివేయాలి. రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉండి వాలు సమానమైతే కొప్పు సరిగ్గా నడుమ వస్తుంది. మీ తాతగారి ఇంట్లో కొప్పు ఒక పక్కకు జరిగి ఉంటే, రెండు వైపుల వాలునూ విడివిడిగా కొలిచి వేర్వేరు విలువలు ఇవ్వండి.